నౌపడా స్టేషను ఏ దుకాణంలోనూ దొరకదు

మోడల్ రైళ్ళు డబ్బున్నవాళ్ళ సరదా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. "ఇంట్లో పారేసే చెత్తతో, కాణీ ఖర్చు లేకుండా రైలు చేసేద్దాం" అనే వీడియోలు చూసినా అంతే మండుతుంది. మొదటి మాట అనేవాళ్ళు ఎప్పుడూ చేత్తో ఏదీ చేసి ఉండరు. రెండోవాళ్ళ రైలు కెమెరా ముందు ఒక్క చుట్టు తిరుగుతుంది, వీడియో అయిపోతుంది. మర్నాడు అది కదిలిందో లేదో మనకి చూపించరు. నేను చెప్పేది ఇది: మన వైపు రైలుని, మన స్టేషన్ని, మన ఊరి మట్టితో సహా బల్ల మీద కట్టాలనుకునేవాడికి పాత సామాను ఏరుకోవడం తప్ప గత్యంతరం లేదు. జేబులో వందలున్నా లక్షలున్నా ఇదే సంగతి. డబ్బు తక్కువైనవాడికి ఈ విషయం ముందే తెలుస్తుంది, ఉన్నవాడికి చేతిచమురు వదిలాక తెలుస్తుంది.

ముందు డబ్బు సంగతే మాట్లాడుకుందాం. ఈ హాబీ సామాను చాలామటుకు జర్మనీ, బ్రిటన్, అమెరికా కంపెనీల పేర్లతో వస్తుంది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి పెరిగింది, 2023లో 70 అయింది. కరెంటు రైళ్ళు, వాటి పట్టాలు, స్కేలు మోడళ్ళు అన్నీ కస్టమ్స్ వాళ్ళ లెక్కలో బొమ్మలే. దాని మీద జీఎస్టీ, కొరియర్ ఖర్చులు. ఒక మామూలు ఇంజను మన గుమ్మం దాకా వచ్చేసరికి మధ్యతరగతి ఇంట్లో నెల సరుకుల బిల్లుని దాటిపోతుంది. సుంకం పెంచడం తప్పా ఒప్పా అన్న చర్చ నాకొద్దు. దానివల్ల కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలవాళ్ళకి నాలుగు డబ్బులు వస్తే నాకూ సంతోషమే.

సరే, అప్పోసొప్పో చేసి కొన్నాం అనుకోండి. ఏం కొంటాం? రెడీమేడ్ కిట్లలో వచ్చేవి ఎర్ర పెంకుల జర్మన్ పల్లె, చర్చి గోపురం, మంచు కొండల్లో పెరిగే సూదాకు చెట్లు, గొర్రెలు మేసే పచ్చిక. వాటిలో తాడిచెట్టు ఎక్కడుంది? మూడు భాషల్లో పేరు రాసిన పసుపుపచ్చ బోర్డు ఎక్కడుంది? ప్లాట్‌ఫారం చివర చింతచెట్టు కింద ఉప్పు బస్తాలు వేసుకుని కూర్చున్న మనిషి ఏ డబ్బాలో వస్తాడు?

చెట్లూ మనుషులూ సరే, పట్టాలే మనవి కావు. ప్రపంచంలో ఎక్కువమంది వాడే స్కేలు హెచ్ఓ, అంటే 1:87. అసలు వస్తువులో 87వ వంతు. ఆ స్కేలుకి అమ్మే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే 1435 మిల్లీమీటర్లు వస్తుంది, యూరప్, అమెరికాల్లో స్టాండర్డ్ గేజి అదే. మన బ్రాడ్ గేజి 1676. 1:87లో అది 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. కాబట్టి కాజీపేట జంక్షన్ కడదామని ఎంత ఖరీదైన పట్టాలు తెప్పించినా, వాటి మీద మన రైలుపెట్టె సన్నటి స్టూలు మీద కూర్చున్న లావుపాటి మనిషిలా ఉంటుంది. కొందరు సర్దుకుపోతారు. వాళ్ళని తప్పు పట్టను కానీ, నాకు ముందునుంచి చూసినప్పుడల్లా ఆ తేడా కంట్లో నలుసే.

అందుకే నేను న్యారో గేజి ఎంచుకున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు. అక్కడ మెయిన్ లైను మీద నౌపడా నుంచి లోపలికి, పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న లైను ఒకటి ఉండేది. 1900లో మొదలై, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. రెండున్నర అడుగుల గేజి, అంటే 762 మిల్లీమీటర్లు. 2004లో ఆ బండి ఆగిపోయింది, గేజి మార్చారు, 2011 నుంచి గుణుపురం దాకా పెద్ద రైళ్ళే తిరుగుతున్నాయి. మా ఇంట్లో దాన్ని "చిన్న బండి" అనేవారు. మా తాతయ్య దృష్టిలో అది రైలే కాదు, నడిచి వెళ్ళడానికి బద్ధకించినవాళ్ళు ఎక్కేది.

ఇప్పుడు లెక్క చూడండి. 762ని 87తో భాగిస్తే 8.76. ఎన్ స్కేలు అని 1:160లో ఇంకో రకం మోడళ్ళున్నాయి, వాటి పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లు. పావు మిల్లీమీటరు తేడా, అంతే. అంటే ఎవరో 1:160లో అమెరికా రైలు కోసం చేసిన పట్టా, ఇంజను అడుగుభాగం, చక్రాలు మన చిన్న బండికి 1:87లో అతికినట్టు సరిపోతాయి. పెద్ద రైలుకి దొరకని న్యాయం చిన్న రైలుకి దొరికింది. పైగా న్యారో గేజికి మలుపులు ఇరుకుగా ఉంటాయి, పెట్టెలు పొట్టివి, నాలుగు పెట్టెలుంటే బండి పూర్తయినట్టే. అద్దె ఫ్లాటులో ఉండేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఆ మొత్తం లైను 90 కిలోమీటర్లు, 1:87లో కూడా కిలోమీటరు దాటుతుంది కనక నౌపడా, టెక్కలి, మధ్యలో కాస్త ఉప్పు మడులు, అక్కడితో తృప్తి పడ్డాను.

అడుగుబల్ల సంగతి చెప్తే నవ్వుతారు. అది ఒక బాత్రూం తలుపు. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్లో చూసినా ఎవరో ఒకరు ఇల్లు రిపేరు చేయిస్తూనే ఉంటారు, పాత ఫ్లష్ డోర్లు లిఫ్టు పక్కన నెలలకొద్దీ పడి ఉంటాయి. ఆరున్నర అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, తేలిక, వంగదు. కొత్త ప్లైవుడ్ తెచ్చి కింద రీపర్లు కొట్టి చేసినా ఇంత చదునుగా రాదు. ఒకటే జాగ్రత్త: బాత్రూం తలుపు కింది అంచు నీళ్ళకి ఉబ్బి ఉంటుంది, చెద కూడా అక్కడే మొదలవుతుంది. ఆ జానెడు కోసి పారేసి, మిగతాది నాలుగు రోజులు ఎండలో పెట్టాలి. పని లేనప్పుడు మా లేఅవుట్, అంటే పట్టాలూ స్టేషన్లూ కట్టిన ఈ బల్ల, మంచం కిందకి వెళ్ళిపోతుంది.

ఇక గోడలు. పెళ్ళికార్డుల్ని మించిన మోడలింగ్ సామాను నేను ఇంతవరకు చూడలేదు. మన ఇళ్ళల్లో శుభలేఖ పారేయడానికి చెయ్యి రాదు. మూలలకి పసుపు రాసి ఉంటుంది, పైన వినాయకుడు ఉంటాడు, బీరువా మీద కట్టలు పేరుకుంటాయి. ఆ అట్ట గట్టిది, నునుపైనది, పదునైన బ్లేడుకి పోగులు లేవకుండా తెగుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ 1:87లో 2.6 మిల్లీమీటర్లు. అంటే ఆరేడు కార్డుల్ని ఒకదాని మీద ఒకటి ఫెవికాల్‌తో అంటించి, నున్నటి గ్రానైటు ముక్క కింద రాత్రంతా నొక్కిపెడితే అసలు గోడ మందమే వస్తుంది. కిటికీ గూడు లోతు, గుమ్మం లోతు నిజంగా కనిపిస్తాయి. కొన్న ప్లాస్టిక్ కిట్లో గోడ ఒక్క మిల్లీమీటరు మందంతో రేకులా ఉంటుంది, కిటికీ దగ్గర మోసం బయటపడుతుంది. వినాయకుడి బొమ్మ మాత్రం కోయను, తీసి పక్కన పెడతాను, అది మా అమ్మతో ఒప్పందం. మిగతాదంతా వాడతాను. నా టెక్కలి స్టేషను కప్పు ఎత్తి చూస్తే స్టేషన్ మాస్టరు గది లోపలి గోడ మీద బంగారు అక్షరాలతో "సుముహూర్తము" అని ఉంటుంది.

కప్పు రేకుల దగ్గర ఇంకో ముచ్చట. గోదాముల మీద వేసే ముడతల రేకుకి ముడతకీ ముడతకీ మధ్య మూడంగుళాలు, 1:87లో 0.88 మిల్లీమీటరు. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం5 (5 మిల్లీమీటర్ల లావు) బోల్టుకి మర చుట్ల మధ్య దూరం 0.8 మిల్లీమీటరు. హోటల్ పార్శిల్ వచ్చే అల్యూమినియం డబ్బాని కడిగి, అడుగు భాగం కోసి, పాత సైకిల్ ట్యూబు ముక్క మీద పరిచి, పొడుగాటి ఎం5 బోల్టుని గట్టిగా నొక్కి దొర్లించండి. బిర్యానీ డబ్బా గోదాము రేకు అయిపోతుంది. గోళ్ళరంగు తీసే ద్రావకంతో ఒకసారి తుడిచి, ఇటుకపొడి కలిపిన పల్చటి రంగు పూస్తే తుప్పు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, కానీ కనిపెట్టానని చెప్పుకోను. నాకంటే ముందు ఎంతోమంది ఇలాంటివి చేసే ఉంటారు.

ఇంతదాకా విని, ఇతనూ ఆ వీడియోల బాపతే అనుకోవద్దు. చక్రం దగ్గర నా లెక్క మారుతుంది.

చొక్కా బొత్తాలతో, సీసా మూతలతో చక్రాలు చేసేవాళ్ళని చూశాను. అలమారాలో నిలబెట్టడానికైతే బాగుంటాయి. నడిచే బండికి పనికిరావు. చక్రం గుండ్రంగా ఉండాలి, ఇరుసు సరిగ్గా నడిమధ్యలోంచి పోవాలి, రెండు చక్రాల మధ్య దూరం ప్రతి ఇరుసుకీ ఒకేలా ఉండాలి, తొక్కే అంచు కాస్త ఏటవాలుగా ఉండాలి, లోపలి అంచు పట్టాని పట్టుకోవాలి. పైగా కరెంటు రెండు పట్టాల నుంచి చక్రాల ద్వారానే మోటారుకి వెళ్తుంది కనక ఇరుసు మీద ఒక పక్క ఇన్సులేషన్ ఉండి తీరాలి, లేకపోతే షార్ట్ అవుతుంది. ఇంట్లో కూర్చుని ఆకురాయితో ఇదంతా సాధించేవాళ్ళు ఉన్నారేమో, వాళ్ళకి దణ్ణం. నాకు కాదు. పట్టాలూ అంతే. అడుగుకి నాలుగు చోట్ల దూరం మారే పట్టా మీద పెట్టెలు రోజూ బోల్తా పడితే, ఆ హాబీ మీద విరక్తి పుడుతుంది, తలుపు మళ్ళీ లిఫ్టు పక్కకే చేరుతుంది. కదిలేదీ, కరెంటు మోసేదీ కొనాలి. నిలబడి ఉండేదంతా ఏరుకోవచ్చు. నా ఖర్చు దాదాపు అంతా పట్టాలు, చక్రాలు, ఇంజను అడుగుభాగం, మంచి బ్లేడ్ల మీదే పోయింది.

కొనడంలో కూడా తెలివి ఉండాలి. అమెరికాలో పాత రైళ్ళ సంతలు జరుగుతాయి, అక్కడ ఎన్ స్కేలు పాత ఇంజన్లు మనం ఊహించనంత చవగ్గా పోతాయి. పై తొడుగు విరిగిపోయినవైతే మరీ చవక. విరిగిన తొడుగుతో నాకు పనేముంది, ఎలాగూ తీసి పారేసేదే. మా బావ న్యూజెర్సీలో ఉంటాడు. ఇక్కడినుంచి వెళ్ళేటప్పుడు ఆవకాయ, అక్కడినుంచి వచ్చేటప్పుడు ఇంజను. మొదటిసారి ఫోన్ చేసి "ఏరా, ఇది పని చెయ్యట్లేదట, అయినా కావాలా?" అన్నాడు. "మోటారు తిరిగితే చాలు బావా, పైన ఏమున్నా పర్లేదు" అన్నాను. అలా వచ్చిన దాని మీదే పెళ్ళికార్డుతో చిన్న ట్యాంకు ఇంజను (నీళ్ళ ట్యాంకు తన మీదే మోసే ఆవిరి ఇంజను) కట్టాను. అట్టకి సూపర్ గ్లూ పట్టిస్తే ఆరాక ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది, ఆకురాయి పెట్టి రుద్దుకోవచ్చు. బాయిలరుకి అయిపోయిన స్కెచ్ పెన్ను గొట్టం. పట్టా మీద జారకుండా బరువు కావాలి కదా, దానికి వీల్ ఎలైన్‌మెంట్ షాపులో పీకి పారేసే సీసపు ముక్కలు. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

హైదరాబాద్‌లో పాత ఎలక్ట్రానిక్ సామానుకి జుమేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత, చిల్లర పార్టులకి కోఠీ గుజరాతీ గల్లీ. కబాడీవాళ్ళతో బేరం ఒక కళ. "ప్రింటరు మొత్తం తీస్కో సార్, లోపలి ముక్క ఒక్కటే ఇయ్య" అంటాడు. మొత్తం తీసుకోవడమే మేలు. అందులో ఉక్కు కడ్డీలు, పళ్ళచక్రాలు, స్ప్రింగులు, స్టెప్పర్ మోటార్లు, మరలు ఉంటాయి. మరల కోసమైనా కొనొచ్చు. కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది పాడైన సీడీ డ్రైవు. లేజర్ కన్నుని వెనక్కీ ముందుకీ జరిపే చిన్న బండి లాంటిది ఉంటుంది లోపల, ఒక బుల్లి మోటారు, రెండు మూడు పళ్ళచక్రాలు, జారే కడ్డీ. దాన్ని తలుపు కింద బిగించి, ఒక ఉక్కు తీగ పైకి తీసి పాయింటు (బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే చోటు) నాలుకకి తగిలిస్తే, పట్టా మారేటప్పుడు టప్పున కొట్టుకోదు, నిజం పాయింటులా నింపాదిగా జరుగుతుంది. ఇదే పని చేసే మోటారు బయట కొంటే ఎంతో నేను చెప్పను, మీరే వెతికి చూసి గుండె పట్టుకోండి.

పాయింట్లు మాత్రం నేనే చేసుకుంటాను. ఇది ఇందాక చెప్పిన నియమానికి విరుద్ధమే, ఒప్పుకుంటాను. రాగి పూత ఉన్న పీసీబీ (సర్క్యూట్ బోర్డు) ముక్కల్ని సన్నగా కోసి స్లీపర్లుగా, అంటే పట్టాల కింది అడ్డదిమ్మలుగా పరిచి, వాటి మీద కొన్న పట్టానే టంకం పెట్టి అతికిస్తాను. మధ్యలో రాగి పూతని గీరి తెంపకపోతే రెండు పట్టాలూ కలిసిపోయి షార్ట్. నాలుకని ఆకురాయితో రుద్దుతూ ఉంటే చివర్న వేలి గోటికి అంచు తగలనంత పల్చన అవ్వాలి, అప్పుడే చక్రం దాని మీదికి తడబడకుండా ఎక్కుతుంది. ఓ ఆదివారం మొత్తం పోతుంది. నా ఆదివారం చవక.

కరెంటుకి పాత వైఫై రౌటరు 12 వోల్టుల అడాప్టరు, ఎల్ఎం317 రెగ్యులేటరు (వోల్టేజిని అదుపు చేసే చిప్పు), ఒక వాల్యూమ్ కంట్రోలు. ఇంచుమించు అంతే. ఆ చిప్పు వేడిని లాగే లోహపు రెక్కల (హీట్ సింకు) కోసం కంప్యూటర్ పవర్ సప్లై విప్పుతారు కొందరు. వద్దు. ప్లగ్గు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లో మూడొందల వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. పాత లిథియం బ్యాటరీల జోలికీ పోవద్దు. పాత సామాను మీద ప్రేమ ఇల్లు కాల్చుకునేంత ఉండకూడదు.

ఏరుకున్న సామానుతో కట్టడం లేనివాడి సర్దుబాటు అనుకునేవాళ్ళకి అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ కథ చెప్తాను. 1946లో అక్కడి విద్యార్థులు మోడల్ రైల్ క్లబ్బు ఒకటి పెట్టారు. యుద్ధకాలంలో తాత్కాలికంగా కట్టిన చెక్క భవనంలో వాళ్ళ గది. అంత పెద్ద లేఅవుట్‌ని, అన్ని రైళ్ళని ఒకేసారి నడపడానికి వాళ్ళు వాడింది టెలిఫోన్ ఎక్స్ఛేంజీల రిలేలు (కరెంటుతో మారే స్విచ్చులు), ఫోన్ డయళ్ళు, టెలిఫోన్ కంపెనీ నుంచి వచ్చిన సామాను. బల్ల పైన కొండలూ ఊళ్ళూ చేసేవాళ్ళు కొందరైతే, బల్ల కింద ఆ తీగల అడవిలోనే ఉండిపోయేవాళ్ళు కొందరు. ఆ రెండో జట్టు వాళ్ళే తర్వాత యూనివర్సిటీలోని తొలి కంప్యూటర్ల మీద పడ్డారు. 'హ్యాకర్' అనే మాటకి కంప్యూటర్లతో చాకచక్యంగా ప్రయోగాలు చేసేవాడు అనే అర్థం వచ్చింది వాళ్ళ నోటినుంచే. 1962లో పీడీపీ-1 కంప్యూటర్ మీద స్పేస్‌వార్ ఆట తయారైనప్పుడు, ఆడుకోవడానికి చేత్తో పట్టుకునే కంట్రోలు పెట్టెల్ని ఆ క్లబ్బు గదిలో పడి ఉన్న విడిభాగాలతోనే కట్టారు. అదే సామాను డబ్బాలో రెడీమేడ్‌గా, మాన్యువల్‌తో సహా వచ్చి ఉంటే ఆ కుర్రాళ్ళు రైళ్ళు నడుపుకుని ఇంటికెళ్ళేవాళ్ళు. ఇంకో పనికి తయారైన వస్తువుని మన పనికి వంచాలంటే అది లోపల ఎలా పనిచేస్తుందో తెలియాలి. కొన్న వస్తువు ఆ అవసరం రానివ్వదు.

ఇక మట్టి. బజార్లో రైలు లేఅవుట్ల కోసం అమ్మే మట్టి పొడి ఉంటుంది, ఏ దేశపు మట్టో తెలీదు, అదో రకం గోధుమ రంగు. నేను నౌపడా వెళ్ళినప్పుడు ఒక క్యారీబ్యాగు నిండా అక్కడి మట్టే తెచ్చుకున్నాను. అయితే తిన్నగా తెచ్చి చల్లేయడానికి లేదు. ముందు బాణలిలో వేయించాలి, లేకపోతే అందులోని గుడ్లు పొదిగి స్టేషన్లో నిజం పురుగులు తిరుగుతాయి. తర్వాత పాత చున్నీలో జల్లించాలి. ఆ తర్వాతది అసలు పని. మా శ్రీకాకుళం తీరం ఇసుకలో ఇల్మెనైట్ లాంటి నల్లటి ఖనిజాలు ఉంటాయి, భావనపాడు వైపు ఒడ్డున ఆ నలుపు కంటికే కనిపిస్తుంది. ఆ రేణువుల్లో అయస్కాంతానికి అంటుకునేవి ఉన్నాయి. ఇంజను మోటారులో ఉన్నదీ అయస్కాంతమే. లేఅవుట్ మీద అలాగే చల్లితే అవి ఒక్కొక్కటీ ఎగిరి మోటారులోకి చేరి దాన్ని తినేస్తాయి. పాడైన హార్డ్ డిస్కులో చంద్రవంక ఆకారంలో రెండు అయస్కాంతాలుంటాయి, వేలు మధ్యలో పడితే రక్తం వచ్చేంత గట్టివి. ఒకదాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పరిచిన మట్టి మీద మెల్లగా తిప్పితే కవరుకి నల్లటి మీసాలు మొలుస్తాయి. కవరు తిరగేసి దులిపి, మళ్ళీ తిప్పాలి. మీసాలు రావడం ఆగేదాకా.

ఆ మట్టినే పట్టాల మధ్య స్లీపర్లు మునిగేదాకా నింపాను. ఎన్ స్కేలు స్లీపర్లు మరీ సన్నం, మరీ దగ్గర దగ్గర, మన చిన్న బండికి నప్పవు. మట్టి కప్పితే ఆ తేడా కనిపించదు. చిన్న లైన్ల మీద మట్టీ గడ్డీ పేరుకుపోవడం మామూలే కనక చూసేవాళ్ళకి అదే నిజమనిపిస్తుంది.

ఉప్పు మడులకి నిజం ఉప్పు వాడాలనే ఉబలాటం ఎవరికైనా కలుగుతుంది. వాడితే వానాకాలంలో తేమ పీల్చి కరుగుతుంది, పక్కనున్న పట్టాని, టంకాన్ని తినేస్తుంది. ఉప్పు కుప్పలకి ముగ్గుపిండి వాడాను. పల్చటి ఫెవికాల్ నీళ్ళు చుక్కలుగా వేస్తే పైన పెచ్చు కట్టి, అచ్చం ఎండలో గడ్డకట్టిన ఉప్పులా ఉంటుంది. మడిలో నీళ్ళకి ఫొటో ఫ్రేము అద్దం ముక్క, వెనక వైపు బూడిదరంగు. గట్లకి రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన ముద్ద. ఇది కొండపల్లి వాళ్ళ విద్య, బొమ్మకి చేతులూ కాళ్ళూ అతికించేది ఆ మక్కుతోనే. మోడలింగ్ పుట్టీ అని డబ్బాల్లో అమ్మేదానికంటే ఇది నయం. ఆరేటప్పుడు కాస్త బీటలు వారుతుంది, ఉప్పు మడి గట్టుకి కావలసిందే అది.

తాడిచెట్టుకి మాత్రం చాలా కష్టపడ్డాను. నిజం చెట్టు 15 మీటర్లు ఉందనుకుంటే మోడల్లో జానెడు దాకా ఉండాలి, రైలు దాని మోకాలికి కూడా రాదు. మొద్దుకి కొబ్బరి చీపురు పుల్లలు నాలుగైదు కలిపి దారం చుట్టాను, ఆ దారం చుట్లే కాండం మీది గరుకు గీతలు. ఆకులకి పల్చటి కాగితం బిళ్ళలు కోసి, అంచు చుట్టూ సన్నగా చీల్చి, విసనకర్రలా మడతలు పెట్టాను. కింద ఎండి వేలాడే మట్టలు మరవకూడదు, అవి లేకపోతే తాడిచెట్టు ఫ్యాన్సీ షాపు బొమ్మ అయిపోతుంది. ఇదంతా చెయ్యడానికి నేను రైల్లో టెక్కలి వెళ్తూ కిటికీలోంచి తాడిచెట్లని లెక్చరర్‌లా పరిశీలించాల్సి వచ్చింది. చిన్నప్పటినుంచి చూస్తున్న చెట్టే, కానీ మట్ట కాండానికి ఎలా అతుక్కుంటుందో అప్పటిదాకా నాకు తెలీదు. రెడీమేడ్ చెట్లు దొరికి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు.

"నీ టైముకి విలువ లేదా? ఆ గంటలు ఏదైనా సైడ్ పని చేసుకుంటే కొనుక్కోవచ్చుగా" అని ఆఫీసులో ఒకాయన లెక్క చెప్పాడు. ఆయన లెక్క తప్పని అనను. కానీ ఆ డబ్బుతో కొనడానికి నౌపడా ఎక్కడుంది? మళ్ళీ మొదటికే వస్తాం. ఇంకో ఆక్షేపణకి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు: చెత్త పోగేయడం. పనికొస్తుందని దాచడం ఈ హాబీలో అందరికీ ఉన్న జబ్బు. మా ఆవిడ ఖాళీ పెరుగు డబ్బా చేతిలో పట్టుకుని "ఏమండీ, ఇది స్టేషనా, చెత్తా?" అని అడుగుతుంది. దాంతో ఇంట్లో ఒక చట్టం అమలులో ఉంది. టీవీ వచ్చిన అట్టపెట్టె ఒకటి నాది. అది నిండాక కొత్తది లోపలికి రావాలంటే పాతది ఏదో బయటికి పోవాలి. చట్టం గొప్పది. మంచం కింద తలుపు వెనక ఉన్న రెండో పెట్టె సంగతి ఆవిడకి తెలిసినా తెలియనట్టే ఉంటుంది.

ఇప్పుడు పని ఆగిపోయింది డబ్బు చాలక కాదు, సామాను దొరక్క కాదు. ఒక ఫొటో లేక. పాతపట్నం స్టేషన్ని కూడా కలుపుదామని తలుపుకి పక్కన ఇంకో చెక్క తగిలించాను. గేజి మార్చకముందు, అంటే 2004కి ముందు ఆ స్టేషను ముందువైపు ఫొటోలు కొన్ని సంపాదించాను. వెనక వైపు ఎలా ఉండేదో, నీళ్ళ ట్యాంకు భవనానికి ఎటు పక్కన ఉండేదో ఒక్కదాంట్లోనూ కనిపించడం లేదు. ఆ రోజుల్లో ఎవరి పెళ్ళికో పర్లాకిమిడి వెళ్తూ ఆ ప్లాట్‌ఫారం మీద దిగి ఫొటో దిగినవాళ్ళు మీ ఇంట్లో ఉండొచ్చు. మనుషుల వెనకాల గోడ ఒక మూల కనిపించినా చాలు, కిటికీ ఎత్తు లెక్క కట్టుకోగలను. ఆల్బమ్ ఒకసారి తిరగెయ్యండి. ఆ పెళ్ళి శుభలేఖ కూడా ఇంకా బీరువా మీద ఉంటే అది కూడా పంపండి, గోడలకి వాడతాను.